బుట్టలో పండే ద్రాక్ష



సాంతోరిని అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి నీలం గుమ్మటాలు, తెల్లసున్నం గోడలు, కొండ అంచున సూర్యాస్తమయం. సినిమా పాటల్లో చూశాం, తెలిసినవాళ్ళ పెళ్ళి ఫోటోల్లోనూ చూస్తున్నాం. గ్రీసు దేశపు ఈ చిన్న ద్వీపానికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది పడమటి అంచున నిలబడి, ఫోన్లు ఎత్తి పట్టుకుని, పొద్దు గుంకాక తిరిగొచ్చేస్తారు. వాళ్ళ వీపు వెనకాల తూర్పు వాలు ఉంది. ఆ వాలులో, ఈ సున్నం గోడలేవీ లేనినాటి నుంచీ ద్రాక్ష పండుతోంది. ఆ ద్రాక్ష తోటల గురించి, వైన్ తయారయ్యే వైనరీల గురించి, అక్కడ గ్లాసులో పోసి ఇచ్చేదాన్ని ఎలా రుచి చూడాలన్నదాని గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

తాగుడు మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. వైన్ చుక్క ముట్టనివాళ్ళు కూడా ఈ ద్వీపంలో తోట చూసి రావాలంటాను. వైన్ అంటే ఇష్టమున్నవాళ్ళకైతే ఇంకో మాట చెప్తాను. తోట చూడకుండా ఇక్కడ గ్లాసు పట్టుకోవడం దండగ.

ఎందుకో చెప్పాలంటే నేల దగ్గర మొదలుపెట్టాలి. దాదాపు 3,600 ఏళ్ళ కిందట ఇక్కడి అగ్నిపర్వతం బద్దలైంది. ద్వీపం నడిమి భాగం సముద్రంలోకి కూలిపోయింది. మిగిలిందే ఇప్పటి నెలవంక ఆకారం. పడమర వైపు మూడు వందల మీటర్ల ఎత్తున నిట్టనిలువు కొండ, తూర్పుకు మెల్లగా సముద్రంలోకి దిగే వాలు. ఆనాడు బూడిద కింద పూడిపోయిన ఊరు ఒకటి దక్షిణాన అక్రోతీరి దగ్గర బయటపడింది. పురావస్తు శాస్త్రజ్ఞుడు స్పిరిదోన్ మరినాతోస్ 1967లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. మేడలు, కుడ్యచిత్రాలు, మట్టి కూజాలు చెక్కుచెదరకుండా దొరికాయి. అగ్నిపర్వతం మాత్రం ఇంకా చావలేదు. ఆఖరుసారి 1950లో లావా కక్కింది.

ఆనాటి విస్ఫోటం మిగిల్చిన బూడిద, లావా తునకలు, నీటిమీద తేలేటంత తేలికైన బోలురాయి, ఇవే ఇప్పటి పొలం. స్థానికులు ఈ నేలను ఆస్పా అంటారు. ఈ మట్టి సున్నంతో కలిస్తే నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. అందుకే సూయెజ్ కాలువ కట్టేటప్పుడు ఇక్కడినుంచి ఓడలకొద్దీ తీసుకెళ్ళారు. అరచేతిలోకి తీసుకుంటే మట్టిలా అనిపించదు. చేతికి బరువు తెలియదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, చెయ్యి దులిపితే తెల్లటి పొడి మిగులుతుంది. బంకమన్ను దాదాపు లేనట్టే. కుళ్ళిన ఆకు, పేడ, ఎరువు వంటి సారం మరీ తక్కువ. ఇక వాన సంగతి. మన అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే కరువు సీమ అంటున్నాం. ఇక్కడ మామూలు ఏడు 400 కూడా పడదు. ఆ పడేది కూడా చలికాలంలోనే. మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం వైపు చూడక్కర్లేదు. దానికి తోడు వేసవి పొడవునా మెల్తెమి అనే ఉత్తరపు గాలి ఇసుక ఎగజిమ్ముతూ కొడుతూనే ఉంటుంది.

ఇలాంటి చోట ద్రాక్ష ఎలా పండుతుంది?

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఎరిగిన పెద్దవాళ్ళకు ఈ ప్రశ్న ఇంకా బాగా తగులుతుంది. అనాబ్ ఎ షాహీ రకం ద్రాక్ష పండించిన రోజుల్లో మన తోటంటే రాతి స్తంభాలు, వాటిమీద తీగల పందిరి, పందిరికి వేలాడే గుత్తులు. మనిషి కింద నడుస్తూ చేయెత్తి కోసుకునేవాడు. నీళ్ళు, ఎరువు దండిగా పెడితే ఎకరానికి పదుల టన్నులు దిగేది. సాంతోరినిలో పందిరి వేస్తే మొదటి వేసవిలోనే గాలి పెరికేస్తుంది. అందుకని అక్కడి రైతు ద్రాక్షను పైకి లేవనివ్వడు. చలికాలంలో కొమ్మలు కత్తిరించేటప్పుడు మోకాళ్ళమీద కూర్చుని, నిరుటి తీగను మోడు చుట్టూ వంచి, ఒకదాని మీద ఒకటి పెనవేసి, నేలమీదే బుట్ట అల్లుతాడు. దాని పేరు కులూరా. ఏటా ఒక చుట్టు చేరుతుంది. కొన్నేళ్ళకు మోడు, చుట్లు కలిసి మొరటు కర్రగా బిగుసుకుపోతాయి.

దూరంనుంచి చూస్తే అది తోట అనిపించదు. పలచగా, ఎడం ఎడంగా పచ్చని పొదలు పడున్నట్టుంటుంది. దగ్గరికెళ్ళి వంగి, పై ఆకులు పక్కకు తీసి చూడాలి. లోపల నీడ. ఆ నీడలో, బుట్ట అడుగున, గుత్తులు ఒదిగి ఉంటాయి. బయట వడగాలి కొడుతుంటే లోపల చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. ఎండ గుత్తిమీద పడదు, ఇసుక గింజను గీరదు. తెల్లవారుజామున సముద్రంమీదినుంచి లేచే మంచు ఆకులమీద దిగి బోలురాయిలోకి ఇంకుతుంది. వేసవిలో ఈ తీగకు దొరికే నీళ్ళు ముఖ్యంగా అవే. నేను వెళ్ళినప్పుడు తోట చూపించడానికి మా వెంట వచ్చిన అమ్మాయి ఒక గుత్తినుంచి రెండు గింజలు తెంపి ఇచ్చింది. తోలు మందం, లోపల తీపి, వెంటనే నాలుక అంచుల్ని పట్టేసే పులుపు. తినడానికి పెంచే పండు కాదది.

బుట్ట ముసలిదైపోయి కాపు తగ్గినప్పుడు, అంటే డెబ్బై, ఎనభై ఏళ్ళకోసారి, మొదలంటా నరికేస్తారు. కింద వేరు బతికే ఉంటుంది. దాన్నుంచి కొత్త చిగురు లేస్తుంది, దానితో మళ్ళీ బుట్ట మొదలు. ఇలా పైన చెట్టు మారుతుంటుంది, కింద వేరు మారదు. వందల ఏళ్ళ వేళ్ళు మా తోటలో ఉన్నాయని రైతులు చెప్తే అతిశయోక్తి అనిపించదు.

వేళ్ళ సంగతి వచ్చింది కాబట్టి యూరప్ ద్రాక్ష చరిత్రలోని పెద్ద ఉత్పాతం చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పురుగు అమెరికా నుంచి ఫ్రాన్సులో దిగింది. మన రైతులకు తెలిసిన పేనుబంకకు దగ్గర చుట్టం. ద్రాక్ష వేళ్ళను పట్టి పీల్చేస్తుంది. ఫ్రాన్సు, ఆ తర్వాత ఒక్కో దేశం, తోటలకు తోటలే ఎండిపోయాయి. ఆఖరికి దొరికిన ఉపాయం అంటు కట్టడం. అమెరికా జాతి వేరుమీద యూరప్ జాతి కొమ్మను అతికించారు. ఈనాటికీ లోకంలో చాలా వైన్ తోటలు ఆ అంటు మొక్కలే. సాంతోరినికి ఆ అవసరం పడలేదు. బంకమన్ను లేని ఈ బూడిద నేలలో ఆ పురుగు బతకలేదు. అక్కడ తీగలన్నీ సొంత వేళ్ళమీదే నిలబడ్డాయి. ఇంత బీద నేల కావడమే ఈ తోటలకు రక్షణ అయింది.

అక్కడి ముఖ్యమైన ద్రాక్ష పేరు అసీర్తికో. తెల్లద్రాక్ష. ఐదాని, అథీరి అని ఇంకో రెండు తెల్లరకాలు దానికి తోడుగా కొంచెం కొంచెం కలుపుతారు. మావ్రోత్రాగనో అనే నల్లద్రాక్ష దాదాపు అంతరించిపోయేదాన్ని మళ్ళీ నిలబెట్టారు. దానితో చేసే ఎర్ర వైన్ బాగుంటుంది గానీ, సాంతోరిని దాకా వెళ్ళి ఎర్ర వైన్ కోసం కడుపులో చోటు ఖర్చు పెట్టొద్దంటాను. వేడి దేశాల్లో ద్రాక్ష బాగా పండేకొద్దీ తీపి పెరిగి పులుపు పడిపోతుంది, వైన్ చప్పబడుతుంది. అసీర్తికో గొప్పంతా అక్కడే. అంత ఎండలో పండి కూడా పులుపు వదులుకోదు. అందుకే ఇప్పుడు గ్రీసు ప్రధాన భూభాగంలోనే కాక, ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో కూడా నాటారు. సాంతోరిని వైన్‌కు చట్టం ఇచ్చిన ప్రాంతీయ గుర్తింపు 1971 నుంచి ఉంది.

ఇక వైనరీలు. ఇవి ఊరూరా ఉన్నాయి. పిర్గోస్ దగ్గర కొండ అంచున రైతుల సహకార సంఘం వారి సాంతో వైన్స్ ఉంది. 1947లో ఏర్పడిన సంఘం. అదే కొండ అంచున, అథినియోస్ రేవుకు సరిగ్గా పైన, వెనెత్సానోస్ వైనరీ. దీన్నీ 1947లోనే కట్టారు. అప్పటికి అక్కడ కరెంటు లేదు. అందుకని కొండ పైనుంచి కిందికి అంతస్తులుగా కట్టి, పైన పడేసిన ద్రాక్ష రసమై, వైన్ అయి, దాని బరువుతో అదే కిందికి దిగేలా ఏర్పాటు చేశారు. అడుగు అంతస్తునుంచి గొట్టంలో రేవులోని ఓడకు పంపేవారట. ఇంజనీరింగ్ చదివిన శ్రోతలు ఎవరైనా వెళ్తే వైన్ మాట పక్కనపెట్టి ముందు అది చూడండి. తూర్పు తీరాన కమారి వైపు, పాత టమాటా ఫ్యాక్టరీ భవనంలో గయా వారి వైనరీ ఉంది. కొన్ని సీసాలను సముద్రం అడుగున ఏళ్ళతరబడి ఉంచి తీసే ప్రయోగం చేసింది వీళ్ళే. అక్కడి బల్లమీద కూర్చుంటే అలలు కాళ్ళ దగ్గరికి వస్తాయి. ఎపిస్కోపి గోన్యా గ్రామంలో ఆర్గిరోస్ కుటుంబం 1903 నుంచి ఈ పనిలో ఉంది. ఇయా ఊరి దగ్గర లెక్కల మాస్టారు పారిస్ సిగాలాస్ మొదలుపెట్టిన వైనరీకి కూడా మంచి పేరుంది.

పాత పద్ధతి వైనరీని కానవా అంటారు. బోలురాయి గట్టులోకి గుహలా తొలిచిన గది. తలుపు దగ్గర ఇరుకు, లోపలికి పోయేకొద్దీ పొడుగు. లోపల ద్రాక్ష తొక్కే తొట్టి, దాని పక్కనే రసం దిగే గుంట, వెనక గోడవారన పీపాల వరుస. ఏసీ లేకుండానే ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది. వొథోనాస్ గ్రామంలో ఇలాంటి నేలమాళిగనే వైన్ మ్యూజియంగా మార్చారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అది నయం.

కొండ అంచు వైనరీల మీద నాకో ఫిర్యాదుంది. సాయంత్రం ఆరు దాటాక అవి వైనరీలుగా ఉండవు, సూర్యాస్తమయం చూపించే టెర్రస్‌లైపోతాయి. క్రూయిజ్ ఓడలనుంచి బస్సుల్లో జనం దిగుతారు. చెక్కపలక మీద ఆరు గ్లాసులు తెచ్చి పెట్టి వెళ్ళిపోతారు. ఏది ముందో ఏది వెనకో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. రుచి చూడాలనుకునేవాళ్ళు పొద్దున పదకొండుకు వెళ్ళాలి. నోరు శుభ్రంగా ఉంటుంది, చెప్పే మనిషికి ఓపిక ఉంటుంది.

అలాంటి ఒక పొద్దున, లోపలి గ్రామాల్లోని చిన్న వైనరీలో, పొడవాటి చెక్కబల్ల దగ్గర కూర్చున్నాం. ముందు మంచినీళ్ళు, రొట్టె ముక్కలు వచ్చాయి. బల్ల చివర ఒక లోహపు గిన్నె. రుచి చూసి ఉమ్మెయ్యడానికి అది. మనవాళ్ళకు మొదట మొహమాటంగా ఉంటుంది, డబ్బిచ్చి కొన్నది ఉమ్మడమేమిటని. వైన్ వృత్తిలో ఉన్నవాళ్ళంతా చేసేది అదే. ఏడెనిమిది రకాలు మింగితే నాలుగోదానికే నాలుక చెప్పేది నమ్మలేం. ఆ రోడ్ల మలుపుల్లో బండి నడపాల్సినవాళ్ళయితే అసలు మింగకూడదు.

మొదటి గ్లాసు స్టీలు ట్యాంకులో చేసిన అసీర్తికో. లేత గడ్డిరంగు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినంత చల్లగా ఉంటే వాసన తెలియదు, కాసేపు ఆగాలి. గ్లాసు కాడ పట్టుకుని రెండుసార్లు తిప్పి వాసన చూస్తే పళ్ళ వాసన ఘాటుగా ఏమీ కొట్టదు. నిమ్మతొక్క, దాని వెనక తడిసిన రాయి, కొంచెం పొగ. నోట్లో పోసుకుని పుక్కిలించినట్టు నాలుకంతా తిప్పాలి. పులుపు దవడల దగ్గర మొదలవుతుంది, నోరూరుతుంది. మింగినా ఉమ్మినా ఆ తర్వాత పెదాలమీద ఉప్పు మిగులుతుంది. నా పక్కన కూర్చున్న విజయవాడ ఆయన మొహం చిట్లించి, “ఇంత పులుపేంటండీ బాబూ, చింతకాయ కొరికినట్టుంది” అన్నారు. పోసే అమ్మాయికి తెలుగు రాకపోయినా ఆయన మొహం చదివి నవ్వింది. లోపలికెళ్ళి రెండు పళ్ళేలు తెచ్చింది. ఒకదానిలో ఆ ద్వీపపు చిన్న టమాటాలతో వేసిన పకోడీలు. రెండోదానిలో ఫావా, అంటే అక్కడి పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు వేసింది. మన ముద్దపప్పును గ్రీకు వంటింట్లో పెట్టినట్టుంటుంది. పప్పు ఒక ముద్ద, వైన్ ఒక గుక్క. ఆ పులుపు వెంటనే దారికొచ్చింది. ఆయన గ్లాసు రెండోసారి ముందుకు జరిపారు. ఈ వైన్ ఒంటరిగా తాగేది కాదు, తిండి పక్కన ఉండాల్సింది. వేయించిన చేపతో దీనికి సాటి లేదు. మన గోంగూర మాంసంతో మాత్రం పెట్టకండి, రెండు పులుపులూ కొట్టుకుంటాయి.

రెండో వరుసలో నిక్తేరి వచ్చింది. వెనకటి రోజుల్లో పగలు కోసిన ద్రాక్షను ఎండ తగలకుండా ఆ రాత్రే తొక్కి రసం తీసేవారట. బాగా పండిన గుత్తులు, ఓక్ పీపాలో కొన్ని నెలలు. ఒళ్ళు నిండుగా, ఘాటుగా ఉంటుంది. ఆల్కహాలు కనీసం పదమూడున్నర శాతం. ఎక్కినట్టు తెలియదు, లేచి నిలబడ్డాక తెలుస్తుంది.

ఆఖరున విన్సాంతో. దీనికోసమే ఎక్కువసేపు ఉండమంటాను. కోసిన గుత్తుల్ని పది పన్నెండు రోజులు ఆరుబయట పరిచి ఎండబెడతారు. నీరు పోయి తీపి చిక్కబడుతుంది. అప్పుడు పిండి, పులియబెట్టి, పీపాల్లో కనీసం రెండేళ్ళు, మంచి వైనరీవాళ్ళయితే పది, ఇరవై ఏళ్ళు కూడా ఉంచుతారు. పీపాలో ఏటా కొంత ఆవిరైపోతుంది. గ్లాసులోకి వచ్చేసరికి కాఫీ డికాషన్ రంగు. ఎండు అంజూర, కిస్‌మిస్, మాడీ మాడని పంచదార వాసన. అంత తీపి పానకంలా మొహం మొత్తాలి. మొత్తదు, ఎందుకంటే అడుగున అసీర్తికో పులుపు అలాగే ఉంది. ఒకప్పుడు ఈ విన్సాంతో ఓడలకెక్కి నల్ల సముద్రం దాటి రష్యా వెళ్ళేది. అక్కడి ఆర్థడాక్స్ చర్చిల్లో పవిత్ర ప్రసాదంగా వాడేవారు. 1917 విప్లవంతో ఆ బేరం పోయింది. 1956లో వచ్చిన పెద్ద భూకంపం ఊళ్ళను కూల్చింది. కుటుంబాలు ఏథెన్స్‌కు వలసపోయాయి. తోటలు చాలావరకు బీడుపడ్డాయి.

ఆ తర్వాత పర్యాటకులు వచ్చారు, ద్వీపానికి డబ్బొచ్చింది. కానీ డబ్బుతోపాటు తోటలకు అసలు ముప్పూ వచ్చింది. ఇప్పుడు మిగిలిన ద్రాక్ష దాదాపు మూడు వేల ఎకరాలు. వెనకటితో పోలిస్తే చాలా తక్కువ. మోకాళ్ళమీద కూర్చుని బుట్టలల్లే పనికి కుర్రాళ్ళు దొరకడం లేదు. హోటల్లో గ్లాసులందిస్తే అంతకన్నా ఎక్కువ వస్తుంది. పొలం అమ్మితే ఈతకొలనున్న విల్లా లేస్తుంది. హైదరాబాదు పొలిమేరల్లో అనాబ్ ఎ షాహీ పందిళ్ళు పోయి వెంచర్లు వేసిన కథ మనం చూసిందే. ఇది దాని గ్రీకు రూపం. 2023, 2024 సంవత్సరాల్లో ఎండలు, వానలేమి కలిసి పంట దారుణంగా పడిపోయింది. ద్రాక్ష ధర గ్రీసులో ఎక్కడా లేనంత పెరిగింది, వైన్ ధరా పెరిగింది. 2025 ఫిబ్రవరిలో రోజుల తరబడి భూమి కంపిస్తుంటే వేలమంది ద్వీపం ఖాళీ చేసి వెళ్ళారు. ఇక పర్యాటకుల తాకిడి విషయానికొస్తే, క్రూయిజ్ ఓడలనుంచి రోజుకు ఎనిమిది వేలమందికి మించి దిగకూడదని హద్దు పెట్టారు. అది మంచి పనే. తోటను కాపాడే హద్దు కూడా అంత గట్టిగా ఉంటే బాగుండేది. అందుకే సీసా ఖరీదు చూసి గుండె జల్లుమన్నా నేను బేరమాడను. ఆ ధర రైతుకు గిట్టినన్నాళ్ళే బుట్ట అల్లుతాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని పనికొచ్చే మాటలు. కోత ఆగస్టులో, ఒక్కోసారి ఇంకా ముందే మొదలవుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ వైనరీవాళ్ళకు మాట్లాడే తీరిక ఉండదు, ద్వీపం జనంతో కిటకిటలాడుతుంది. మే నెలాఖరు, జూన్ మొదలు, లేదంటే సెప్టెంబరు చివర మేలు. చిన్న వైనరీలకు ముందుగా రాసి వేళ ఖాయం చేసుకుని వెళ్ళండి. రోజుకు రెండు చాలు, మూడోది అత్యాశ. తోట చూపించమని అడగండి. అడిగితే సంతోషిస్తారు. తోటలో కాలి కింద చూసుకుని నడవండి, బుట్టలు మోకాలెత్తు కూడా ఉండవు, ఎండాకాలం చివర ఎండు పొదలనుకుని తొక్కేస్తారు. సీసాలు తెచ్చుకునేముందు లెక్క వేసుకోండి. మన దేశంలోకి సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే రానిస్తారు. ముప్పావు లీటరు అసీర్తికో రెండు, అర లీటరు విన్సాంతో ఒకటి కొంటే సరిగ్గా సరిపోతుంది.